కుడిమూల గడియారం

1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95కి ముప్పై ఏళ్లు నిండాయి. స్టార్ట్ బటన్ గురించి, ఆ రోజు రెడ్మండ్ వేదిక మీద జే లెనో విసిరిన జోకుల గురించి, ప్రచారానికి వాడుకున్న రోలింగ్ స్టోన్స్ పాట గురించి ఇప్పటికే బోలెడంత రాశారు. ఆ స్టార్ట్ బటన్‌కి ఎదురు చివర, టాస్క్‌బార్ కుడిమూలన ఒదిగి కూర్చున్న గడియారానికి మాత్రం పత్రికల్లో అంత చోటు దొరకలేదు. ఉన్నన్నాళ్లూ దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఓ పొద్దున సిస్టమ్ ఆన్ చేసేసరికి ఆ చోటు ఖాళీగా ఉంటే మాత్రం, చేతికి వాచీ, జేబులో ఫోను, ఎదురుగా గోడ గడియారం ఉన్న మనిషి కూడా వైరస్ పడిందేమోనని కంగారుపడతాడు.

టైము చూసుకునే అలవాటు కంప్యూటర్ కన్నా చాలా పాతది. అడుగున చిల్లి ఉన్న రాగి గిన్నెను నీళ్ల మీద వదిలి, అది మునిగితే ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు అని లెక్కపెట్టిన రోజులు ఉన్నాయి. చార్మినార్‌కి 1889లో గడియారాలు బిగించిన రోజులూ ఉన్నాయి. మధ్యలోని వందల ఏళ్లను ఇక్కడ ఒక్క అంగలో దాటేయక తప్పదు. 1906 జనవరి 1 నుంచి దేశానికి ఒకే ప్రామాణిక టైము వచ్చింది. 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన అది గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందు. ఆ రేఖ మన తుని దరిదాపుల్లోంచే సముద్రంలోకి దిగుతుంది. కలకత్తా, బొంబాయి చాలాకాలం మొండికేసి తమ టైము తామే పెట్టుకున్నాయి. అది వేరే కథ.

కంప్యూటర్ సంగతికొస్తే, 1981 నాటి మొదటి ఐబీఎం పీసీకి అసలు టైమే తెలీదు. కరెంటు తీసేస్తే అంతా మర్చిపోయేది. ఆన్ చేసిన ప్రతిసారీ డాస్ ముందు తేదీ అడిగేది, ఆ తర్వాత టైము అడిగేది. విసుగొచ్చి ఎంటర్ కొట్టేస్తే ఆ రోజు 1980 జనవరి 1, మంగళవారం అనుకుని తన పని తాను చేసుకుపోయేది. అలా ఎంటర్ కొట్టి తప్పించుకున్న వాళ్ల ఫైళ్లన్నీ ఆ మంగళవారమే పుట్టాయి. 1984లో వచ్చిన పీసీ ఏటీలో మోటరోలా గడియారపు చిప్పు, దానికో బ్యాటరీ అమర్చాక ఈ బాధ తీరింది. అందులో సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేసుకుంటూ పోతే ఒకటి మిగులుతుంది. అదే సెకను. ఇప్పటి డెస్క్‌టాప్ మదర్‌బోర్డుల మీద కనిపించే గుండ్రటి సీఆర్2032 సెల్ కూడా ఈ పనికే. అది అయిపోతే గడియారం మాయమవదు, ఏళ్ల కిందటి తేదీ చూపిస్తుంది.

లోపల టైము ఉన్నంత మాత్రాన తెర మీద ఉన్నట్టు కాదు. 1985 నాటి మొదటి విండోస్‌లో ముళ్ల గడియారం ఒక విడి ప్రోగ్రాము, కావాలంటే తెరుచుకోవాలి. మాకింటోష్‌లోనూ అంతే. పైన మెనూ బార్‌లో ఎప్పుడూ టైము కనిపించాలన్న ముచ్చట తీర్చింది ఆపిల్ కాదు. స్టీవ్ క్రిస్టెన్సెన్ అనే ప్రోగ్రామర్ రాసిన సూపర్ క్లాక్ అనే చిన్న ప్రోగ్రాము తీర్చింది. జనం దానికి అలవాటుపడ్డాక, 1994లో సిస్టమ్ 7.5తో ఆపిల్ దాన్ని తన ఇంట్లోకి తెచ్చుకుంది.

ఇక అసలు ఘట్టం. విండోస్ 95 ఇంకా తయారీలో ఉండగా, తొలి బీటాల్లో టాస్క్‌బార్ గడియారం సెకన్లు కూడా చూపించేది. గంటలకీ నిమిషాలకీ మధ్య ఉండే రెండు చుక్కలు డిజిటల్ వాచీలోలాగా ఆరుతూ వెలుగుతూ ఉండేవి. చూడ్డానికి ముచ్చటగానే ఉండి ఉంటుంది. విడుదల నాటికి సెకన్లూ లేవు, ఆ మిణుకూ లేదు.

ఎందుకు తీసేశారో మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామర్ రేమండ్ చెన్ 2003లో రాశారు. విండోస్ 95 కనీసం 4 ఎంబీ మెమరీ ఉన్న కంప్యూటర్ మీద నడవాలి. ఇప్పటి ఫోన్లో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టకపోవచ్చు. అంత ఇరుకులో విండోస్ ఒక ఎత్తు వేస్తుంది: కాసేపు వాడని కోడ్‌ని మెమరీలోంచి హార్డ్ డిస్క్‌లోకి నెట్టేసి, ఆ చోటు వేరే పనికి ఇస్తుంది. సెకను సెకనుకీ మారే గడియారం ఉంటే అది కుదరదు. అంకెలు గీసే కోడ్, టాస్క్‌బార్‌ని నడిపే కోడ్, వాటి డేటా, వాటి స్టాక్, ఏదీ పక్కకు జరగదు. ఇరుకు వంటింట్లో ఒక పొయ్యి పొద్దస్తమానం కాఫీకే కేటాయించినట్టన్నమాట. 4 కేబీ మిగిలినా వేగం పరీక్షల్లో తేడా కనపడే రోజులవి. గడియారం బిగబట్టుకున్న చోటు అంతకన్నా చాలా ఎక్కువ. దాంతో చుక్కలు ఆరిపోయాయి. నిమిషానికోసారి మారే అంకెలు మిగిలాయి.

ఆ గడియారం మీద డబుల్ క్లిక్ చేస్తే ఇంకో పెట్టె తెరుచుకునేది. అందులో టైమ్ జోన్ ట్యాబ్ నొక్కితే ప్రపంచ పటం. జోన్ ఎంచుకోగానే పటంలో ఆ పట్టీ వెలిగేది. గ్రాఫిక్స్ మోజున్న కుర్రాళ్లు పని మానేసి మరీ ఆడుకోదగ్గ సరదా అది. కానీ సరిహద్దులు లేకుండా టైమ్ జోన్ గీయలేరు, గొడవ లేని సరిహద్దులు ఎన్ని ఉంటాయి? 1995 మొదట్లోనే పెరూ, ఈక్వడార్ యుద్ధానికి దిగి ఉన్నాయి. ఇలాంటిదే అయిన రీజనల్ సెట్టింగ్స్ పటంలో సరిహద్దు గీత తప్పుగా ఉందని పెరూ ఫిర్యాదు చేసిందనీ, దిద్దితే ఈక్వడార్ నుంచి అంతే ఘాటుగా ఉత్తరం వచ్చేదనీ చెన్ రాశారు. ఆ తర్వాత మన వంతు. టైమ్ జోన్ పటంలో కశ్మీర్‌లో కొంత భాగం ఐదున్నర గంటల పట్టీలో లేదు. అందుకు కారణం రంగు తేడా ఉన్న ఎనిమిది పిక్సెళ్లేనని, రెండు లక్షల కాపీలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చిందని మైక్రోసాఫ్ట్‌లో భూగోళ వ్యవహారాలు చూసిన టామ్ ఎడ్వర్డ్స్ 2004లో గ్లాస్గోలో జరిగిన సభలో చెప్పారు. పటం మీద అయితే సర్కారు ముద్ర వేసి ‘ఈ సరిహద్దులు సరైనవి కావు’ అనొచ్చు, సాఫ్ట్‌వేర్ మీద ముద్ర ఎక్కడ వేస్తారు? చివరికి పటం ఉండిపోయింది, వెలుగు పోయింది. నిమిషాలు చూపించాల్సిన వస్తువు మెమరీ దగ్గరా, దౌత్యం దగ్గరా ఎలా చిక్కుకుందో చూస్తే నవ్వొస్తుంది.

అక్కడిదాకా కథ వరసగానే నడిచింది. గడియారాన్ని చూపించే, దాచే మీట దగ్గరికొచ్చేసరికే చిందరవందర. విండోస్ 95లో టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే ‘షో క్లాక్’ అని ఒక గడి ఉండేది. టిక్ పెడితే గడియారం వచ్చేది, తీస్తే పోయేది. ఎక్స్‌పీ దాకా దాదాపు అంతే. విస్టాలో ఆ గడే కొన్నిసార్లు బూడిద రంగుకి తిరిగి మొండికేసేది. రిజిస్ట్రీలోకి దిగి ఐకాన్ స్ట్రీమ్స్ అనే ఎంట్రీలను చెరిపి, ఎక్స్‌ప్లోరర్‌ని మళ్లీ మొదలుపెడితేగాని దారికొచ్చేది కాదు. విండోస్ 10లో దాన్ని పర్సనలైజేషన్ కింద, ‘టర్న్ సిస్టమ్ ఐకాన్స్ ఆన్ ఆర్ ఆఫ్’ అనే లోపలి పేజీలో దాచారు. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 రెండో మానిటర్ మీద గడియారాన్నే ఎత్తేసింది. జనం మండిపడ్డారు. నెలల తర్వాత, 2022లో తిరిగిచ్చారు. ఈలోగా ఎలెవెన్‌క్లాక్ అనే ఉచిత ప్రోగ్రాము పుట్టుకొచ్చి ఆ లోటు తీర్చింది. మాక్‌లో దీనికి సరిగ్గా తిరగేసిన కథ: బిగ్ సర్ అనే వెర్షన్ నుంచి గడియారం వద్దన్నా పోదు, మహా అయితే చిన్న ముళ్ల బొమ్మగా మార్చుకోవచ్చు.

2023లో విండోస్ 11కి సెకన్లు కూడా తిరిగొచ్చాయి, పక్కనే బ్రాకెట్లో ‘ఎక్కువ పవర్ వాడుతుంది’ అన్న హెచ్చరికతో.

ఇప్పుడు గడియారం కనపడకపోతే చాలామంది టాస్క్‌బార్ సెట్టింగుల్లోనే వెతుకుతారు. విండోస్ 11లో ఆ మీట అక్కడ లేదు. సెట్టింగ్స్‌లో ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’ తెరిచి, ‘డేట్ అండ్ టైమ్’ లోపల, సిస్టమ్ ట్రేలో టైము, తేదీ చూపించమనే మీటను ఆన్ చేయాలి. ఆన్‌లోనే ఉన్నా టైము రాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ని రీస్టార్ట్ చేస్తే తరచూ వచ్చేస్తుంది. ఆఫీసు సిస్టమ్‌లో అయితే ఇంకో తిరకాసు ఉంది. గ్రూప్ పాలసీలో గడియారాన్ని తీసేయడానికంటూ విడిగా ఒక ఆదేశం ఉంది, రిజిస్ట్రీలో దాని పేరు హైడ్ క్లాక్. అడ్మిన్ దాన్ని పెట్టి ఉంటే ఉద్యోగి ఎన్ని మీటలు తిప్పినా లాభం లేదు, ఐటీ విభాగానికి టికెట్ పెట్టి కూర్చోవడమే.