బ్యాటరీ లేని అయిదో తీగ

"ఇంట్లో ఒక బేస్ గిటార్ ఉండగా ఇంకోటి ఎందుకు?" అని అడిగింది మా ఆవిడ. న్యాయమైన ప్రశ్నే. కానీ జవాబు మా బావగారి గొంతు దగ్గర మొదలుపెట్టాలి.

బావగారంటే చుట్టరికమేమీ లేదు. డెట్రాయిట్ శివార్లలో ఓ పది మంది తెలుగువాళ్ళం కలిసి నడుపుకునే పాటల బృందంలో ఆయనే ముఖ్య గాయకుడు. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. రెండేళ్ళ క్రితం ఆయన గొంతుకి ఆపరేషన్ అయింది. ఆ తర్వాత పై స్వరాలు అందడం మానేశాయి. "నన్నిక వదిలెయ్యండయ్యా, కుర్రాళ్ళెవరినైనా చూసుకోండి" అన్నారొక రోజు. వదల్లేదు. పాటలన్నీ రెండు మెట్లు దించి పాడదామన్నాం.

కీబోర్డు వాయించే మిత్రుడికి అదొక మీట నొక్కే పని. చిక్కొచ్చింది నాకే. మామూలు నాలుగు తీగల బేస్‌లో అట్టడుగు స్వరం 'ఇ', సెకనుకి సుమారు 41 కంపనాలు. పాట ఆధారస్వరం 'ఇ' నుంచి 'డి'కి దిగితే, ఆ కింది 'డి' నా వాద్యంలో ఉండదు. ఒక స్థాయి పైకెక్కి వాయించాలి. అప్పుడు పాట కాళ్ళ కింద నేల లాగేసినట్టుంటుంది. 1989లో 'గీతాంజలి' క్యాసెట్టు అరిగిపోయేదాకా విన్నవాళ్ళకి ఇళయరాజా పాటలో బేస్ ఎంత బరువు మోస్తుందో వేరే చెప్పక్కర్లేదు. పాట పాటకీ తీగ వదులు చేసుకుంటూ కూర్చోలేం కదా. అయిదో తీగ ఉంటే 'బి' దాకా, అంటే దాదాపు 31 కంపనాల దాకా దిగొచ్చు.

ఉగాది కార్యక్రమానికి అయిదు తీగలది ఒకటి అరువు తెచ్చుకున్నాను. రెండో చరణంలో దాని గొంతు జీరబోయి, కాసేపటికి అసలు మాటే పోయింది. లోపలున్న తొమ్మిది వోల్టుల బ్యాటరీ అయిపోయింది. ముందు రాత్రి కేబుల్ పీకకుండా పడుకున్న పాపం నాదే. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ అది బ్యాటరీ తింటూనే ఉంటుంది. బావగారు నా వంక ఒక్కసారి చూసి, తబలా తోడుతోనే పాట ముగించారు. ఆ చూపు చాలు. కొంటే బ్యాటరీ లేనిదే, అంటే పాసివ్‌దే కొనాలనుకున్నాను.

తీరా దుకాణాలు తిరిగితే అయిదు తీగలవాటిలో ఎక్కువ భాగం యాక్టివే, బ్యాటరీతో నడిచేవే. ఎందుకిలా అని చరిత్రలో పడ్డాను.

1930లలోనే సియాటిల్‌లో పాల్ టుట్‌మార్క్ మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్ చేశాడు గానీ అది నిలదొక్కుకోలేదు. నిలబెట్టినవాడు లియో ఫెండర్, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసుకునే మనిషి. తనకి గిటార్ వాయించడం రాదు. 1951లో ఆయన తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నటి తీగచుట్ట, రెండు మీటలు, ఒక కెపాసిటర్. అంతే. టోన్ మీట ఉన్న పదును తగ్గించగలదు, లేనిది తేలేదు. మా డెట్రాయిట్‌లో వెస్ట్ గ్రాండ్ బులవార్డ్ మీది ఇంట్లో, జేమ్స్ జేమర్సన్ ఆ నాలుగు తీగలతోనే, ఏ బ్యాటరీ లేకుండానే మోటౌన్ పాటలకి ప్రాణం పోశాడు. ఆ ఇల్లిప్పుడు మ్యూజియం. మా ఊరికి చుట్టాలొస్తే నేను ముందు తీసుకెళ్ళేది అక్కడికే.

ఫెండర్ 1965లోనే అయిదు తీగల బేస్ చేసింది. అదీ పాసివే. కాకపోతే అయిదో తీగని కింద కాక పైన పెట్టారు. పైకి వెళ్ళడానికి ఎడమచెయ్యి దూరం జరపక్కర్లేదని వాళ్ళ ఊహ. అమ్ముడుపోలేదు, 1970లో ఆపేశారు.

కింది 'బి' 1970లలో వచ్చింది. ఆంథొనీ జాక్సన్ కోరిక మీద కార్ల్ థాంప్సన్ 1975లో ఆరు తీగలది చేశాడు. జిమ్మీ జాన్సన్ కోసం అలెంబిక్ సంస్థ కింది 'బి'తో అయిదు తీగలది చేసింది. బ్యాటరీతో నడిచే ప్రీయాంప్‌ని గిటార్ కడుపులో పెట్టడంలో ముందున్నదీ ఆ అలెంబిక్కే. 1976లో మ్యూజిక్‌మ్యాన్ స్టింగ్‌రే వచ్చి బ్యాటరీని ఫ్యాక్టరీ సరుకు చేసింది. దాని వెనకా లియో ఫెండరే! 1980లలో సింథసైజర్లు 'ఇ' కిందికి దిగిపోయేసరికి బేస్ వాళ్ళకీ కింది తీగ తప్పలేదు. 1987లో అయిదు తీగల స్టింగ్‌రే వచ్చింది, అదీ బ్యాటరీతోనే.

కవలపిల్లల్లా పెరిగేసరికి, ఒకటి లేనిదే ఇంకోటి బతకదని జనం నమ్మారని నా అభిప్రాయం. సాఫ్ట్‌వేర్‌లో మాకిది రోజూ ఉన్న గొడవే. ఎప్పుడో ఎవరో ఒక చోట చేర్చిన రెండు ముక్కల్ని విడదియ్యడానికి ఎవరికీ ధైర్యం చాలదు. నిజానికి 'బి' స్పష్టంగా పలకాలంటే ముందు తీగ బిగువు, పొడవు, గిటార్ మెడ గట్టిదనం, ఆ పైన స్పీకరు బాగుండాలి. తీగే వేలాడుతుంటే ప్రీయాంప్ ఆ వేలాడడాన్నే పెద్దది చేసి వినిపిస్తుంది. అయితే పాసివ్‌కి నష్టం లేదని కాదు. కేబుల్ పొడుగయ్యే కొద్దీ పదును పోతుంది. నేను పొట్టి కేబుల్‌తో సరిపెట్టుకున్నాను.

చివరికి ఫెండర్ 2018లో తెచ్చిన ప్లేయర్ జాజ్ బేస్ అయిదు తీగల రకం, వాడినది, చూశాను. పాసివ్. పరీక్ష తేలికే. 'బి' తీగ అయిదో మెట్టు మీద పలికే 'ఇ', పక్కనున్న 'ఇ' తీగ ఊరికే మీటితే పలికే 'ఇ', రెండూ ఒకే మనిషి గొంతులా ఉండాలి. మొదటి రెండు గిటార్లలో కింది తీగ దుప్పట్లోంచి మాట్లాడినట్టుంది. మూడోది నప్పింది.

మొన్న శనివారం రిహార్సల్‌లో 'డి'లో పాడాం. పాట అయ్యాక బావగారు గోరువెచ్చటి నీళ్ళు ఒక గుక్క తాగి, "ఇంకోటుంది, నేను పాడి మూడేళ్ళయింది. దాన్ని 'సి'కి దించితే నీకేమన్నా ఇబ్బందా?" అన్నారు.

"మీరు మొదలెట్టండి బావగారూ" అన్నాను.