తీర్పు లేని పరిశీలన: భాషోపాధ్యాయుల పీర్ కోచింగ్‌లో నమ్మకం

శిక్షణలో నేర్చుకున్న పద్ధతి తరగతి గది దాకా ఎందుకు రాదన్న ప్రశ్నపై అమెరికా పరిశోధకులు బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లో ఒక వ్యాసం రాశారు. కొత్త పద్ధతిని వివరించి, చేసి చూపి, సాధన చేయించాక కూడా బడిలో తోడు నిలిచేవారు ఉండాలన్నది వారి నిర్ధారణ. 1996 నాటికి వారే పీర్ కోచింగ్ అనే ఈ తోటి ఉపాధ్యాయుల విధానంలో ఒక ముఖ్యభాగాన్ని వదిలేశారు. పాఠం చూసినవారు దాని మంచిచెడ్డలు చెప్పడం మొదలుపెట్టగానే తోటివారి మాట పర్యవేక్షకుడి మాటగా మారుతోందని గమనించి, పాఠం చెప్పేవారినే కోచ్‌గా, చూసేవారిని నేర్చుకునేవారిగా నిర్ణయించారు. పల్నాడు జిల్లా రొంపిచెర్ల వంటి గ్రామీణ మండలాల్లో భాషోపాధ్యాయుల సమావేశాలకు ఈ మార్పే ప్రాతిపదిక కావాలి.

సమావేశమయ్యే ఏర్పాటు మనకు కొత్తది కాదు. సమీపంలోని బడులను ఒక సమూహంగా కలిపే స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన కొఠారీ కమిషన్ (1964–66) నాటిది. 1980లలో బ్రిటిష్ సహాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయ కేంద్రాలను నెలకొల్పింది. 2020 జాతీయ విద్యా విధానం కాంప్లెక్సులను మళ్లీ ముందుకు తెచ్చి, ఉపాధ్యాయుల వృత్తి వికాసానికి ఏటా కనీసం 50 గంటలు ఉండాలంది. కొరవడింది చోటు కాదు, భయం లేకుండా పాఠం చెప్పగలిగే పరిస్థితి. ఆ భయం భాషోపాధ్యాయులకు మరీ ఎక్కువ. లెక్క తప్పితే బోర్డు మీద దిద్దుకోవచ్చు. ఇంగ్లిష్ ఉచ్చారణ తడబడితే మనిషి చదువునే శంకిస్తారు. తెలుగు పండితుల నోట ఊరి యాస దొర్లినా అదే చూపు. భాషోపాధ్యాయుల పనిముట్టు వారి సొంత మాటే కాబట్టి, పాఠం మీద తీర్పు మనిషి మీద తీర్పుగానే తగులుతుంది. అలాంటప్పుడు ఎవరైనా బాగా వచ్చిన పాఠమే చూపిస్తారు, ఇబ్బంది పెడుతున్న పాఠాన్ని దాచుకుంటారు. కోచింగ్ అవసరమైనది మాత్రం ఆ రెండోదానికే.

తీర్పే లేకపోతే ఈ సమావేశం కబుర్ల కూటం అవుతుందన్న అభ్యంతరం తేలికైనది కాదు. అయితే తీర్పు వద్దంటే ఆధారాలు వద్దని కాదు. ప్రశ్న వేశాక ఉపాధ్యాయుడు ఎంతసేపు ఆగాడు, ఎంతమంది పిల్లలు పూర్తి వాక్యం పలికారు, ఇంట్లో లంబాడీ మాట్లాడే తండా పిల్లలు ఎక్కడ మౌనంగా ఉండిపోయారు అన్నవి చూసి రాసుకోదగిన విషయాలు. ఏది గమనించాలో పాఠం చెప్పేవారే ముందుగా కోరాలి. షికాగో బడులపై బ్రైక్, ష్నైడర్ 2002లో ప్రచురించిన అధ్యయనం నమ్మకానికి గౌరవం, ఆదరణ, నిజాయితీలతో పాటు వృత్తి సామర్థ్యాన్నీ పునాదిగా చూపింది. పని రానివారిని మొహమాటానికి మెచ్చుకోవడం నమ్మకం అనిపించుకోదు. బృందంలో ఎవరికీ తెలియని వ్యాకరణాంశం నమ్మకంతో తెలిసిరాదు, దానికి జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్) అధ్యాపకుల సాయం తీసుకోవాల్సిందే. ఏకోపాధ్యాయ పాఠశాల సమస్య ఇంకా గట్టిది, ఎందుకంటే బడి వదిలి వెళ్తే పిల్లలకు పాఠం ఉండదు. అలాంటివారు ఫోన్లో తమ పాఠాన్ని రికార్డు చేసుకుని కాంప్లెక్స్ సమావేశంలో వినిపించవచ్చు. ఎదుటివారి తరగతిని కళ్లారా చూడటానికి అది సాటిరాకపోయినా, మాట తీరు వినిపిస్తుంది. మండల విద్యాధికారి (ఎంఈఓ) తనిఖీ అవసరమే, కానీ దాని దారి వేరుగా ఉండాలి. పరిశీలనలో రాసుకున్న కాగితం పాఠం చెప్పినవారి దగ్గరే ఉండాలి. మండల కార్యాలయానికి హాజరు వివరాలు మాత్రమే పంపాలి.