రాతి మీద మిగిలిన పేరు: కోరేగావ్ సిపాయి బతుకు

యుద్ధాల చరిత్ర రాసినోళ్లకు సేనాధిపతి దొరుకుతాడు, సిపాయి దొరకడు. కోరేగావ్ యుద్ధంలో కెప్టెన్ స్టాంటన్‌కు పుస్తకాల్లో పేజీలున్నాయి. ఆయన వెనక నడిచి చచ్చిపోయినోడికి మిగిలింది రాతి మీద ఒక పేరు. ఆ ఒక్క పేరు పట్టుకుని ఒక మనిషి బతుకులోకి ఎంతదూరం పోగలం?

పుణె దగ్గర భీమా ఒడ్డున కంపెనీ నిలబెట్టిన స్తంభానికి 1821లో పునాది పడింది. దానిమీద చనిపోయిన 49 మంది పేర్లున్నాయి. వాటిలో 22 పేర్లు 'నాక్' అని ముగుస్తాయి. ఆ కాలంలో మహర్ల పేర్లకు ఉండే తోక అది. అలాంటి ఒక పేరు: సోమ్‌నాక్ కమల్‌నాక్ నాయక్. మొదటిది అతని పేరు, రెండోది తండ్రి పేరు. మూడోది కులం కాదు, హోదా. నాయక్ అంటే సిపాయికి ఒక మెట్టు పైన. అంటే ఇతను నిన్నమొన్న చేరినోడు కాదు, కొలువు చేసి పైకొచ్చినోడు. బొంబాయి సైన్యంలో అప్పట్లో కంపెనీలను కులాలవారీగా విడగొట్టలేదు. ఊళ్లో ఎవరికీ ఎదురు చెప్పలేని మనిషి ఇక్కడ వేరే కులపోళ్లకు కూడా హుకుం ఇచ్చే అవకాశం ఉంది. తల్లి ఎవరు, ఏ ఊరు, భార్యాపిల్లలున్నారా అన్నవి రాతి మీద లేవు. కంపెనీకి వాటితో పనిలేదు.

అతని చివరి రోజు మాత్రం బాగానే తెలుస్తుంది. 1817 డిసెంబర్ 31 రాత్రి పటాలం శిరూర్ నుంచి బయల్దేరింది. రాత్రంతా సుమారు 25 మైళ్లు నడిచి పొద్దున కోరేగావ్ చేరింది. కాల్బలం 500 దాకా, గుర్రపుదళం, రెండు ఫిరంగులు, మొత్తం 834 మంది. అవతలి ఒడ్డున పీష్వా రెండో బాజీరావు సైన్యం 28,000 అని అంచనా. ఊరి మీదికి దాడికొచ్చింది మాత్రం 2,000 దాకానే. తిండి లేదు, నిద్ర లేదు, పక్కనే నది ఉన్నా పగలంతా నీళ్లు లేవు. రాత్రికి పీష్వా సేన వెనక్కి తగ్గింది. కంపెనీ వైపు చచ్చినోళ్లు, గాయపడ్డోళ్లు, జాడ తెలియనోళ్లు కలిపి 275 మంది.

ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. అయిదువందల మందీ మహర్లే అనడం సరికాదు, వేరే కులాలోళ్లూ ఉన్నారు. కంపెనీ కులాన్ని కూల్చడానికి యుద్ధం చేయలేదు, రాజ్యం కోసం చేసింది. సోమ్‌నాక్ జీతం తీసుకున్న సిపాయి. అయితే పీష్వాల పుణెలో అంటరానివాడు నడుముకు చీపురు, మెడకు ముంత కట్టుకోవాల్సి వచ్చిందని అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశారు. ఆ నేల మీద చేతికి తుపాకి రావడం ఒట్టి జీతం విషయం కాదు. ఈ రెండు మాటలనూ ఒకేసారి పట్టుకోకపోతే ఆ మనిషి మనకు అందడు.

చచ్చినోడి మేలును కంపెనీ వారసులు ఎంతకాలం గుర్తుంచుకున్నారు? 1890లలో 'యుద్ధజాతుల' సిద్ధాంతం తెచ్చి మహర్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేశారు. రాయి మీద పేరుంది, రాయి కట్టినోళ్ల సైన్యంలో చోటు లేదు. అప్పుడు మాజీ సిపాయి గోపాల్ బాబా వలంగ్కర్ అర్జీ రాశాడు. తర్వాత శివరామ్ జాన్బా కాంబ్లే రాశాడు. 1927 జనవరి 1న అంబేద్కర్ ఆ స్తంభం దగ్గరికి పోయారు. మూడు నెలలు తిరక్కుండానే, మార్చి 20న, మహాడ్ చవదార్ చెరువులో నీళ్లు ముట్టారు. 1941లో మహర్ రెజిమెంట్ ఏర్పడి, ఆ స్తంభాన్నే టోపీ గుర్తుగా పెట్టుకుంది.

తెలుగు నేలకూ ఇందులో పాఠముంది. మద్రాసు నుంచి పోయిన పటాలాల్లో తెలుగోళ్లు ఉండబట్టే ఉత్తరాదిలో కంపెనీ సిపాయిని 'తిలంగా' అన్నారు. జాతి పేరు మిగిలింది, మనుషుల పేర్లు పోయాయి. వాళ్లలో మన వాడలోళ్లు ఎవరు? దస్తావేజుల్లో పేరు చివరి అక్షరాలు, తండ్రి పేరు, హోదా వెతకాలి. వాడల్లో ముసలోళ్లు చెప్పే మాట వినాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే సిపాయి అంకెలోంచి లేచి మనిషవుతాడు.