గుంబజ్‌లో మూడో ఖబర్

ఈ సంక్రాంతి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని శ్రీరంగపట్నం పోవాలని మా ఇంట్లో ఫైసలా అయింది. మా ఖాందాన్ మూడు ఊళ్ళలో ఉంది. మేము మదనపల్లెలో, ఫుప్పూ వాళ్ళు పుంగనూరులో, పెద్ద ఆపా కుప్పంలో. సఫర్ గురించి ఫోన్లలో మాట్లాడుకుంటుంటే అందరిదీ ఒకటే మాట. "మైసూర్‌లో రెండు రోజులు ఉందాం. ప్యాలెస్, జూ, బృందావన్ గార్డెన్. శ్రీరంగపట్నం దారిలోనే కదా, అరగంట ఆగితే చాలు." ఆ అరగంట దగ్గరే నాకూ వాళ్ళకూ పేచీ వచ్చింది.

నేను కూడా చిన్నప్పుడు ఆ అరగంట చూసినవాడినే. ఒక టూర్ బస్సులో పోయాం. డ్రైవర్‌కు మైసూర్ తొందర. దరియా దౌలత్ బాగ్‌లో గబగబా తిప్పి, గుంబజ్ దగ్గర దింపి, పది నిమిషాల్లో హారన్ కొట్టాడు. లోపల మూడు మజార్లు. "హైదర్ అలీ, టిప్పు సుల్తాన్, వాళ్ళమ్మ" అని ఎవరో చెప్పారు. వాళ్ళమ్మ అంటే ఎవరు, ఏ ఊరు, ఏ ఖాందాన్? అడిగే వయసు కాదు, చెప్పేవాళ్ళూ లేరు. ఇంటికొచ్చాక నానీ అడిగింది, "ముగ్గురికీ ఫాతిహా చదివారా?" అని. నానీ పుట్టిల్లు కడప. "ఆ మూడో ఖబర్ మన కడప బేటీదిరా" అంది. అప్పుడు నవ్వుకున్నాను. తర్వాత పుస్తకాలు చదివితే నానీ మాటే నిజం అని తెలిసింది.

ఆమె పేరు ఫాతిమా ఫఖ్రున్నిసా. తండ్రి మీర్ ముయీనుద్దీన్, కడప ఖిల్లేదార్‌గా పనిచేసినవాడు. హైదర్ అలీకి ఇంకా నవాబీ రాని రోజుల్లో, మైసూరు ఫౌజులో ఎదుగుతున్న సర్దార్‌గా ఉన్నప్పుడే ఈ నికాహ్ జరిగింది. ఔలాద్ కోసం ఆమె ఆర్కాట్‌లో టిప్పు మస్తాన్ ఔలియా దర్గాకు పోయి మన్నత్ చేసిందని, అందుకే 1750లో దేవనహళ్ళిలో పుట్టిన బిడ్డకు ఆ పేరు పెట్టారని చెప్తారు. అంటే హిందుస్తాన్ అంతా తెలిసిన ఆ షేర్‌కు నానిహాల్ మన రాయలసీమ.

ఆమె భాయ్ మీర్ అలీ రజా ఖాన్. మదనపల్లె నుంచి వాల్మీకిపురం దాటి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు పోతే గుర్రంకొండ వస్తుంది కదా, ఆ ఖిల్లా ఆయన చేతిలో ఉండేది. టిప్పుకు సగా మామూ. హైదర్ నమ్మిన సర్దార్లలో ఒకడు. 1781లో సముద్రం ఒడ్డున పోర్టోనోవో జంగ్‌లో దెబ్బ తిని పోయాడు. ఆయన మక్బరా గుర్రంకొండలోనే ఉంది. కొండ కింద రంగీన్ మహల్, పైన ఖిల్లా. మన వాళ్ళు పెళ్ళిళ్ళకు ఆ దారిన వెయ్యిసార్లు పోయుంటారు, బస్సు కిటికీలోంచి కొండను చూసుంటారు. దిగి చూసినవాళ్ళు తక్కువ. అందుకే నా ప్లాన్‌లో మొదటి మంజిల్ శ్రీరంగపట్నం కాదు, గుర్రంకొండ. బయలుదేరే ముందురోజు సాయంత్రం అసర్ తర్వాత పిల్లల్ని అక్కడికి తీసుకుపోతాను. మామూ ఇల్లు చూశాక అమ్మీ ఖబర్ దగ్గరికి పోతే పిల్లలకు రిష్తా అర్థమవుతుంది.

కుప్పం ఆపాకు కూడా ఇందులో హిస్సా ఉంది. హైదర్ పుట్టిన బూదికోట కుప్పానికి అవతలే, బంగారుపేట దగ్గర. ఆయన పోయింది ఇటు చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో, 1782 డిసెంబర్ 7న, వీపు మీద రాచపుండు లేచి. అప్పుడు టిప్పు ఎక్కడో మలబార్ తీరంలో ఇంగ్లీషువాళ్ళతో జంగ్‌లో ఉన్నాడు. నవాబు లేడని తెలిస్తే ఫౌజు చెదిరిపోతుందని, పూర్ణయ్య లాంటి వజీర్లు మౌత్ ఖబర్‌ను దాచిపెట్టారు. ఖజానా పెట్టె తీసుకుపోతున్నట్టు జనాజాను రాత్రికి రాత్రి కోలార్ పంపించారు. అక్కడ హైదర్ తండ్రి ఫతే ముహమ్మద్ మజార్ ఉంది. మొదట అక్కడ ఉంచి, తర్వాత శ్రీరంగపట్నం చేర్చారు. మన మూడు ఊళ్ళ చుట్టూ వంద కిలోమీటర్ల లోపల ఒక మనిషి పుట్టడం, పోవడం రెండూ జరిగాయి. మనం మాత్రం టిప్పు తారీఖ్ అంటే మైసూర్ వాళ్ళదనుకుంటాం.

ఇంత చెప్పి మంచి మాటలే చెప్తే ఇన్సాఫ్ కాదు. మన వాళ్ళు ఆ ఊరికి దుల్హన్‌గా మాత్రమే పోలేదు, ఖైదీలుగా కూడా పోయారు. హైదర్ కడప మీద పడి సిద్ధవటంలో నవాబ్ అబ్దుల్ హలీమ్ ఖాన్‌ను లొంగదీసుకున్నాడు. మియానా పఠానుల ఆ నవాబును కుటుంబంతో సహా శ్రీరంగపట్నానికే పంపించాడు. ఒక కలిమా చదివే ఇద్దరు నవాబుల మధ్య జంగ్ అది. ఆ ఖిల్లాలో ఇంగ్లీషు ఖైదీలను ఉంచిన కర్నల్ బెయిలీ చెరసాల అందరికీ చూపిస్తారు. దాని ముందు నిలబడి పిల్లలకు హలీమ్ ఖాన్ పేరు కూడా చెప్పాలని నా ఇరాదా.

ఇక ఊరి సంగతి. శ్రీరంగపట్నం అంటే కావేరి దర్యా రెండుగా చీలి మళ్ళీ కలిసే మధ్య ఉన్న చిన్న దీవి. పడమటి కొసన ఖిల్లా, తూర్పు కొసన రెండు పాయలు కలిసే సంగమం, మధ్యలో బాగులు. ఖిల్లా లోపలే రంగనాథస్వామి గుడి, అదే ఖిల్లాలో బెంగళూరు దర్వాజా దగ్గర టిప్పు కట్టించిన మస్జిద్-ఎ-ఆలా. రెండు మినార్లు దూరం నుంచే కనిపిస్తాయి. గుడి టిప్పు హయాం అంతా నిండుగా నడిచింది. ఆయన మహల్ నేలమట్టమైంది, గుడి నిలిచి ఉంది. ఈ ఒక్క మాట పిల్లలు కళ్ళతో చూసి తెలుసుకోవాలి, రేపు ఎవరైనా ఏదైనా అంటే జవాబు వాళ్ళ దగ్గర ఉంటుంది.

నది ఒడ్డున ఖిల్లా గోడ వాయవ్య మూలకు తప్పకుండా పోవాలి. గోడకు ఇంగ్లీషు తోపులు కన్నం పెట్టింది అక్కడే. మన మదనపల్లె ఎండలు తెలిసిన మనకు ఈ సంగతి బాగా అర్థమవుతుంది. మే నెలలో కావేరి ఎండి రాళ్ళు తేలి ఉంటుంది. వానలు పడితే అదే నది ఖిల్లాకు గోడ కంటే పెద్ద గోడ. జనరల్ హారిస్ ఫౌజుకు అప్పటికే తిండిగింజల తంగీ వచ్చేసింది. నది పొంగే వరకు నిలబడితే ముహాసరా ఎత్తేసి పోవాల్సిందే. 1799 మే 4న మధ్యాహ్నం, భోజనం వేళ, ఒంటిగంట ఎండలో సిపాయిలు నదిలో దిగారు. నిమిషాల్లో కన్నం మీద వాళ్ళ జెండా లేచింది. సుల్తాన్ దస్తర్ఖాన్ మీద నుంచి లేచి వచ్చాడు. నీళ్ళ దర్వాజా దగ్గర లాషుల మధ్య ఆయన జసద్ రాత్రి దివిటీల వెలుగులో దొరికింది. మరుసటి రోజు తండ్రి పక్కన దఫన్ చేశారు. ఆ సాయంత్రం ఉరుములు, పిడుగులతో పెద్ద తూఫాన్ వచ్చిందని ఇంగ్లీషు అఫ్సర్లే రాసి పెట్టారు. ఆ వాన కొన్ని రోజుల ముందు వచ్చుంటే అని అనుకోని మనిషి ఉండడు.

ఆ నీళ్ళ దర్వాజా ముందు నిలబడి మన గుర్రంకొండ మాట మళ్ళీ ఎత్తాలి. చేదు మాటే. మీర్ అలీ రజా ఖాన్ కొడుకు ఖమరుద్దీన్ ఖాన్, టిప్పుకు మామూజాద్ భాయ్. ఆఖరి జంగ్‌లో సవారీ ఫౌజు సర్దార్ ఆయనే. బయట తిరుగుతూ ఇంగ్లీషువాళ్ళ రసద్ తెంపాల్సిన పని ఆయనది. అది జరగలేదు. సుల్తాన్ పోయాక ఆయన లొంగిపోయాడు, ఆ ఏటి సుల్హ్‌నామాలో ఆయనకు గుర్రంకొండ జాగీర్ దక్కింది. గద్దార్ అని మీర్ సాదిఖ్ పేరు పక్కన ఆయన పేరు రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చిన్నప్పుడు ఈ సంగతి తెలిసినప్పుడు సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఇంకో సంగతి కూడా పక్కన పెట్టుకుంటాను. అదే ఖమరుద్దీన్ 1791లో కోయంబత్తూరును ఇంగ్లీషువాళ్ళ చేతుల్లోంచి లాగి సుల్తాన్‌కు ఇచ్చినవాడు. ఆయన తండ్రి సుల్తానత్ కోసం జాన్ ఇచ్చినవాడు. మనిషి ఎక్కడ మారాడో, మారాడో లేదో, దిల్ లోపలి సంగతి అల్లాహ్‌కు తెలుసు. జాగీర్ మాత్రం కాగితం మీద ఉంది. ఆ జాగీర్ సంబరం కూడా ఎన్నాళ్ళు? 1800లో నిజాం ఈ జిల్లాలన్నిటినీ కంపెనీకి దత్తం చేశాడు, మన్రో దొర శిస్తు లెక్కలు మొదలయ్యాయి.

మా పెద్దోడు ఇది విని అడిగాడు, "అబ్బా, అయితే మనం ఎవరి వైపు?" అని. ఫఖ్రున్నిసా వైపు, అన్నాను. ఆమె భాయ్, కొడుకు, భతీజా ముగ్గురూ ఈ కథలోనే ఉన్నారు. ముగ్గురి బరువూ మోసేది ఆమే.

గుంబజ్‌ను టిప్పు తండ్రి కోసం కట్టించాడు. చుట్టూ వరండాకు ముప్పై ఆరు నల్లరాతి స్తంభాలు, అద్దంలా మెరుస్తాయి. లోపల గోడల నిండా పులిచారల నక్ష్. దంతం పొదిగిన తలుపులు తర్వాత లార్డ్ డల్హౌసీ ఇచ్చినవి. దోచుకున్న వాళ్ళ తర్వాతి వాళ్ళు తలుపులు ఇవ్వడం ఏమిటో! మధ్యలో హైదర్ మజార్, ఒక పక్క టిప్పు, ఇంకో పక్క అమ్మీ. పక్కనే మస్జిద్-ఎ-అఖ్సా ఉంది, అక్కడ జుహర్ చేసుకోవచ్చు. జిల్ ఖదా నెలాఖరులో ఉర్స్ జరుగుతుంది, అప్పుడు రష్ ఎక్కువ. చిన్నపిల్లలతో పోయేవాళ్ళు ఆ రోజులు తప్పించుకోండి. దరియా దౌలత్ గోడల మీద 1780 పొల్లిలూరు జంగ్ తస్వీర్ ఉంది. పల్లకీలో కూర్చున్న బెయిలీని పిల్లలతో వెతికించండి, అరగంట దానికే పోతుంది.

ఖుద్రత్ చూడాలనేవాళ్ళకు రంగనతిట్టు నాలుగు కిలోమీటర్ల లోపే. నదిలో చిన్న చిన్న దీవుల మీద కొంగలు, తెడ్డుమూతి కొంగలు, రాళ్ళ మీద నోరు తెరిచి ఎండ కాగే మొసళ్ళు. సలీం అలీ సాబ్ చెప్పబట్టి 1940లో ఇది పక్షుల పనాహ్‌గాహ్ అయింది. ఉదయాన్నే పడవ ఎక్కితే మంచిది. వానాకాలంలో నది పొంగితే పడవలు ఆపేస్తారు, అందుకే చలికాలం ఖాయం చేశాం. బృందావన్ గార్డెన్ అడిగేవాళ్ళ మాట కూడా కాదనలేదు. అక్కడి కె.ఆర్.ఎస్. డ్యాం దగ్గర టిప్పు వేయించిన ఫారసీ శిలాశాసనం ఉంది. కావేరి మీద ఆనకట్ట కట్టాలన్నది ఆయన ఇరాదా. బీడు భూమిని కొత్తగా సాగు చేసిన రైతుకు సర్కారు హక్కులో నాలుగో వంతు మాఫ్ అని అందులో ఉంది. చెరువు ఎండితే ఊరు ఎండే మన తాలూకాల వాళ్ళకు లైట్ల ఫౌంటెన్ కంటే అది చూడదగ్గ వస్తువు.

దారి సంగతి. మేము చింతామణి, హోస్కోటె మీదుగా బెంగళూరు చేరతాం, నూట ఇరవై కిలోమీటర్ల లెక్క. ఫుప్పూ వాళ్ళు ములబాగల్ మీదుగా వస్తారు. హజ్రత్ బాబా హైదర్ వలీ దర్గాలో సలాం చెప్పి, కోలార్‌లో ఫతే ముహమ్మద్ మజార్ దగ్గర ఆగమన్నాను. ఆపా కుప్పంలో రైలెక్కి బెంగళూరులో మారి మైసూర్ రైలు పట్టుకుంటే శ్రీరంగపట్నం స్టేషన్‌లోనే దిగొచ్చు. ఆ పట్టాలు ఖిల్లా లోంచే పోతాయి. 2017లో రెండో పట్టా వేయడానికి టిప్పు బారూద్‌ఖానా అడ్డమొస్తే, దాన్ని కూల్చకుండా జాకీలతో లేపి నూరు మీటర్లకు పైగా పక్కకు జరిపారు. పిల్లలకు తారీఖ్ నచ్చకపోయినా ఇది నచ్చుతుంది. కారులో పోయేవాళ్ళు రామనగరంలో ఆగండి. మన పట్టుగూళ్ళ వ్యాపారులకు ఆ మండీ కొత్తది కాదు. మైసూరు రాజ్యంలో పట్టుపురుగులు పెంచే పనికి గట్టి బునియాద్ వేసిందీ టిప్పునే.

తోషా బాధ్యత ఫుప్పూ తీసుకుంది. పూరీలు, ఖీమా, మామిడి ఆచార్. మద్దూరు వడలు దారిలో కొనుక్కుంటాం. మొదటి రోజు మధ్యాహ్నం చేరి గుంబజ్, సంగమం. రాత్రి అక్కడే బస. రెండో రోజు ఫజర్ అయ్యాక పక్షులు, తర్వాత ఖిల్లా మొత్తం కాలినడకన. మైసూర్‌కు మూడో రోజు. పేచీ అలా తీరింది, ప్యాలెస్ పోలేదు, అరగంట మాత్రం రెండు రోజులైంది.

నానీ ఇప్పుడు లేదు. కడపలో ఆమె ఖబర్ పక్కనుంచి పిడికెడు గులాబీ రేకులు తెప్పించి పెట్టుకున్నాను.