ఖిలాషాపూర్ కోటకు వాన గండం

నా మొదటి కూలి ఒక దొరల గడిని కూలగొట్టినందుకు వచ్చింది. అప్పుడు నాకు పదహారేళ్లు. మాది రఘునాథపల్లి. తాత సుతారి, నాయిన సుతారి, నేనూ సుతారినే. ఆ గడి దొరలు పట్నం పోయి చాలా ఏళ్లయింది. టేకు దర్వాజలు, చెక్కుడు మొగరాలు అప్పటికే లారీలెక్కి పోయాయి. మిగిలినవి గోడలు. వాటిని పడగొట్టి రాయి వేరు చేయాలి. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా గడ్డపార వేస్తే రాలింది దోసెడు పెచ్చు. రాయి పగులుతోంది కానీ రాయికీ రాయికీ నడుమ ఉన్న సున్నం పగలడం లేదు. "డంగు సున్నం బిడ్డా అది. మీ తాత వెట్టి చేసి పెట్టిన గోడ. మెల్లగ కొట్టు" అన్నాడు నాయిన.

ఆ మాట విన్నాక చేయి ఆడలేదు. అయినా కొట్టాను, ఇంట్లో బియ్యం కావాలి కనుక.

మా పాత జనగామ తాలూకాలో గడి పేరు చెబితే ముందు యాదికొచ్చేది విసునూరు. అక్కడి దేశ్‌ముఖ్ గూండాల కాల్పుల్లో 1946 జులై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమురయ్య ప్రాణం పోయింది. అంత నెత్తురు చూసిన జనం గడి కూలుతుంటే ఏడవలేదంటే నేను తప్పుపట్టను. కానీ గోడ దొరది కాదు, పెట్టిన చేతులది. తాతకు కూలి దక్కలేదు. ఆయన పనైనా నిలవాల్సింది.

మా మండలంలోనే ఉన్న ఖిలాషాపూర్‌కు పోయినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఊరి నడుమ, ఇళ్ల మధ్యలో బురుజులతో నిలబడ్డ రాతికోట అది. కట్టించింది కల్లుగీసే కులంలో పుట్టిన సర్వాయి పాపన్న. మొగలుల కాలంలో ఈ ఊరు షాపూర్. పాపన్న మొదట ఇక్కడ వేసుకున్నది మామూలు కోట. అతన్ని పట్టడానికి వచ్చిన కొలనుపాక ఫౌజుదారు ఖాసింఖాన్ పోరులో చనిపోయాడు. తర్వాత హైదరాబాద్ నుంచి మొగల్ పాలకుడు రుస్తుం దిల్ ఖాన్ స్వయంగా వచ్చి రెండు నెలలు ముట్టడించాడు. పాపన్న, అతని తోడు సర్వన్న తప్పించుకున్నారు. ఖాన్ కోటను నేలమట్టం చేసి వెనక్కు పోయాడు. అతను అటు పోగానే వీళ్లు ఇటు తిరిగొచ్చారు. ఈసారి రాయీ సున్నమూ పెట్టి గట్టిగా కట్టారు, ఫిరంగులు నిలిపారు. కూలగొట్టిన చోటే అంతకన్నా గట్టిది లేపారు. ఒక సుతారిగా నాకు పాపన్న కథలో అన్నిటికన్నా పెద్ద ఘట్టం ఇదే.

1708లో పీర్ల పండుగ వేళ పాపన్న వరంగల్ మీద పడ్డాడు. 1709లో భువనగిరి మీద. నడుమ హైదరాబాద్‌లో మొగల్ బాదుషా బహదూర్ షా దర్బారుకు పోయి పద్నాలుగు లక్షల రూపాయలు చెల్లించుకుని ఖిల్లత్ (గౌరవ వస్త్రం) కప్పించుకున్నాడు. ఇంత చేసినవాణ్ని చివరికి సొంత కోటే కాదంది. షాపూర్ చెరలో ఉన్న బావమరిదికి పాపన్న భార్య అన్నంలో ఆకురాళ్లు దాచి పంపింది. బందీలు సంకెళ్లు కోసుకుని కోట పట్టుకున్నారు. వేరే ముట్టడి నుంచి తిరిగొచ్చిన పాపన్న మీదికి అతను పెట్టించిన ఫిరంగులనే తిప్పారు. అక్కడి నుంచి తాటికొండకు పోయాడు, 1710లో పట్టుబడి చంపబడ్డాడు. మొగలుల చరిత్ర రాసిన ఖాఫీ ఖాన్‌కు అతను దొంగ. జనానికి సర్దార్. జె.ఎ. బాయిల్ 1874లో ఇండియన్ ఆంటిక్వరీలో తెలుగు పాటల గురించి రాసినప్పుడు, అప్పటికీ జనం నోళ్లలో ఆడుతున్న పాపన్న పాట అందులో చేరింది.

ఫౌజులకు లొంగని గోడ ఇప్పుడు వానకు లొంగుతోంది. ఈ మధ్య ఏళ్లలో ముసురు పట్టినప్పుడు కోటగోడ కొంత కూలింది. అందరూ పాతబడి కూలిందంటారు. కానీ ఇలాంటి కోటగోడ అంటే ఒకటే గోడ కాదు. బయట ఒక రాతి వరస, లోపల ఒక వరస, నడుమ మట్టీ రాళ్లూ కూరిన పొట్ట. పైన పూత ఉన్నన్నాళ్లు నీళ్లు జారిపోతాయి. పూత పగిలితే నీళ్లు లోపలికి దిగుతాయి. మట్టి నాని ఉబ్బుతుంది, బయటి వరసను తోస్తుంది. మేము 'గోడ పొట్టేసింది' అంటాం. పొట్టేసిన గోడ ఏదో ఒక రాత్రి కూర్చుంటుంది. దీనికి తోడు పిట్ట రెట్టలో వచ్చిన రావి గింజ సందులో మొలుస్తుంది. మొక్కను పైపైన కోస్తే ఏడాదికి రెండింతలై లేస్తుంది, వేరు మాత్రం లోపల రాయిని పక్కకు జరుపుతూనే ఉంటుంది.

మంచి మనసుతో చేసే తప్పు ఒకటుంది. సందుల్లో సిమెంటు కుక్కడం. సున్నం తేమను పీల్చి బయటికి వదులుతుంది, సిమెంటు వదలదు. లోపలికి దిగిన నీటికి దారి మూస్తే గోడ ఇంకా తొందరగా పోతుంది. తాత లెక్క వేరు. సున్నాన్ని నీళ్లలో బాగా నానబెట్టాలి, ఇసుక కలిపి గానుగలో ఎద్దులతో నూరాలి, కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు కలపాలి. వేళ్ల మధ్య వెన్నలా జారినప్పుడే తాపీ ముట్టాలి.

కోర్టు కాపాడిన పాత కట్టడమూ ఉంది. హైదరాబాద్‌లో ఇర్రం మంజిల్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలని 2019లో మంత్రివర్గం నిర్ణయిస్తే, జనం కోర్టుకెక్కారు. ఆ ఏడు సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఆ భవనం నిలిచింది. నాకు చాలా సంతోషమైంది. కానీ మా కోటను కూల్చమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు కదా, దేని మీద కోర్టుకు పోవాలి? వానకు స్టే తేలేం. కోట గోడ పక్కనే ఇళ్లున్నాయి, పిల్లలు ఆడుకుంటారు. గోడ కూలితే పోయేది చరిత్ర ఒక్కటే కాదు.

నేను పోయినసారి వెళ్లినప్పుడు గోడకు వీపు ఆనించి చాలాసేపు నిలబడ్డాను. ఎండాకాలమైనా రాయి చల్లగా ఉంది. ఒక సందులో చిటికెన వేలంత రావి మొక్క, రెండు ఎర్రటి లేతాకులతో. పీకాను, పైది తెగి వచ్చింది, వేరు లోపలే ఉండిపోయింది. ఈ మృగశిర కార్తె లోపల వేర్లతో సహా మొక్కలు తీయించి, పైన సున్నపు పూత వేయించాలి. అధికారులు అనుమతించి, తెలిసిన ఇంజనీరు దగ్గరుండి చూస్తే సున్నం నూరే పద్ధతి నేను చూపిస్తాను. తాత తాపీ ఇంకా నా సంచిలోనే ఉంది.