వెనుక చక్రంలో కారే చుక్క

డోర్నకల్లు నుండి కొత్తగూడెం వెళ్ళే రైలు మార్గంలో ఒక స్టేషనుకు ‘భద్రాచలం రోడ్డు’ అని పేరు. పేరులో భద్రాచలమున్నదేగాని, రాములవారి సన్నిధి అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరం. ఆ దూరమంతా రోడ్డు ప్రయాణమే. పాల్వంచ దాటి అడవి అంచున సాగి ఆ రోడ్డు గోదావరి ఒడ్డుకు చేరుతుంది. 1965లో వంతెన వచ్చేవరకు యాత్రికులు నదిని పడవలమీద దాటవలసి వచ్చేది. నదికి ఆవల చింతూరు. అక్కడినుండి మారేడుమిల్లి వరకు కొండలను చుట్టుకొని పోయే ఘాటురోడ్డు. అటువంటి దారిలో బండిని నడిపించేది ఇంజనే అయినా, మనుష్యులను ఇంటికి చేర్చేది మాత్రం బ్రేకు. ఆ బ్రేకు చరిత్రలో ముఖ్య పాత్ర వహించినది ఒక చిన్న చుక్క. దాని కథ మనవి చేస్తాను.

తొలినాటి మోటారు బండ్లలో చక్రపు అంచుకు ఒక దిమ్మను అదిమి బండిని ఆపేవారు. బురద అంటినా, వాన కురిసినా ఆ దిమ్మకు పట్టు తప్పేది. 1902లో ఫ్రాన్సు దేశస్థుడు లూయీ రెనో వేరొక మార్గం కనుగొన్నాడు. చక్రానికి డోలువంటి ఇనుప డ్రమ్మును బిగించి, దాని లోపల రెండు ‘షూ’లను అమర్చాడు. పెడలు తొక్కగానే షూలు విచ్చుకొని డ్రమ్మును లోపలినుండి ఒరసుకుంటవి. ఇక దుమ్ము, బురద చాలవరకు బయటనే ఉండిపోయినవి.

అయినా ఒక చిక్కు మిగిలినది. కాలి ఒత్తిడిని చక్రానికి చేర్చేవి ఇనుప కడ్డీలు, తీగలు. అవి ఒక వైపు బిగువుగా, మరొక వైపు వదులుగా ఉంటే బండి పక్కకు లాగేది. ఈ చిక్కును విడదీసినది 17వ శతాబ్దపు శాస్త్రజ్ఞుడు పాస్కల్ చెప్పిన సూత్రం. మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట ఒత్తితే ఆ ఒత్తిడి అన్ని వైపులకు సమానంగా వ్యాపిస్తుంది. దీనిని బ్రేకులకు అన్వయించి పేరు గడించినవాడు అమెరికాకు చెందిన మాల్కం లాక్‌హీడ్. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారుకు నాలుగు చక్రాలకూ ద్రవపు బ్రేకులు వచ్చినవి. 1924లో క్రైస్లర్ వాటిని సామాన్యులకు కొంత అందుబాటులోకి తెచ్చినది. ఫోర్డు మాత్రం 1939 దాకా కడ్డీలనే నమ్ముకొన్నది.

ఆ సందేహం పూర్తిగా నిరాధారమైనది కాదు. కడ్డీ తెగితే కంటికి కనబడుతుంది. ద్రవం కారితే కనబడదు. తొలుత వాడిన తోలు కప్పులు ద్రవాన్ని సరిగా ఆపలేకపోయినవి. క్రైస్లర్ ఇంజనీర్లు వాటి స్థానంలో రబ్బరు కప్పులు వేసిన తరువాతనే ఆ పద్ధతి నిలదొక్కుకొన్నది. అప్పుడు ఎటువంటి ద్రవం పోయవలెనన్న ప్రశ్న వచ్చినది. కిరసనాయిలు, ఇంజను ఆయిలు వంటి ఖనిజ తైలాలు ఆ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తవి. కాబట్టి మొదటి తరం బ్రేకు ద్రవంలో ఆముదాన్ని ఆల్కహాలుతో కలిపి వాడినారు. నల్లగొండ, మహబూబ్‌నగరు మెట్టచేలలో పండే ఆముదపు గింజకు మోటారు చరిత్రలో ఇంతటి స్థానమున్నదని చాలమందికి తెలియదు. తరువాత వచ్చిన గ్లైకాల్ ద్రవాలు అధిక వేడికి తట్టుకొంటవిగాని, గాలిలోని తేమను పీల్చుకొంటవి. ఏండ్ల తరబడి మార్చక వదిలేస్తే ఆ తేమ సిలిండరు లోపల తుప్పు పట్టిస్తుంది. తుప్పు రబ్బరును గీస్తుంది. గీత వెంట చుక్క బయలుదేరుతుంది.

1941లో యుద్ధం కోసం తయారైన విల్లీస్ జీపు ఈ ద్రవపు బ్రేకులతోనే వచ్చినది. తరువాత మహీంద్రా సంస్థ బొంబాయిలో దాని విడిభాగాలను కూర్చి జీపులు తయారుచేయసాగినది. అడవి దారులకు అంతకంటె అనుకూలమైన బండి లేదనిపించుకొన్నది. కాని ఆనాటి జీపులో నాలుగు చక్రాలకూ ఒకటే గొట్టపు దారి. వెనుక ఎడమ చక్రంలో ఒక కప్పు చినిగితే, ద్రవమంతా అక్కడినుండే పోయి, నాలుగు చక్రాల బ్రేకులూ ఒక్కసారి చచ్చుబడేవి. ఘాటు దిగేటప్పుడు పెడలు నేలకు అంటుకుంటే డ్రైవరుకు మిగిలేవి చేతిబ్రేకు, తక్కువ గేరు మాత్రమే.

అందువలన చుక్కను ముందే పసిగట్టడం డ్రైవరుకు, మెకానిక్కుకు ప్రాణావసరమైన విద్య. పెడలు మెల్లగా కిందికి దిగజారడం, డబ్బాలో ద్రవం తరచు తరగడం, వెనుక టైరు లోపలి పక్క తడిసి ఉండడం దీని గుర్తులు. అయితే వెనుక చక్రం తడిసినంతనే బ్రేకును నిందించరాదు. ఇరుసులోని గేరు ఆయిలు కూడ సీలు దాటి డ్రమ్ములోకి రావచ్చును. గేరు ఆయిలు చిక్కగా, గంధకపు ఘాటు వాసనతో ఉంటుంది; నీటిలో కలియదు. బ్రేకు ద్రవం పలుచన. గ్లైకాల్ రకమైతే నీటిలో కలిసిపోతుంది. రంగు మీద పడితే రంగును లేపుతుంది. ఆయిలే కారణమైతే, సీలు మార్చేముందు ఇరుసుకు గాలి ఆడే రంధ్రం మట్టితో మూసుకొన్నదేమో చూడవలెను. అది మూసుకొంటే లోపలి వేడిగాలి ఆయిలును సీలు మీదికి నెట్టుతుంది; కొత్త సీలు కూడ నిలువదు.

బ్రేకు ద్రవమే కారుతున్నదని తేలితే, ముందు చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, బండిని జాకీతో లేపి, గట్టి ఆధారం మీద నిలిపి డ్రమ్ము తీయవలెను. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది కాబట్టి లోపలి దుమ్మును గాలితో ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను. వీల్ సిలిండరు చివరనున్న రబ్బరు తొడుగును తొలగిస్తే లోపలి తడి బయటపడుతుంది. సిలిండరు గోడ నున్నగా ఉంటే కప్పులు మార్చితే చాలును. గుంటలు పడితే సిలిండరునే మార్చవలెను. రబ్బరు భాగాలను పెట్రోలుతో కడుగరాదు. ద్రవం పీల్చిన షూలు ఎండబెట్టినా తిరిగి పట్టు నిలుపవు. వాటిని రెండు వైపులా జతగా మార్చకపోతే బండి పక్కకు లాగుతుంది. ఆ తరువాత గొట్టాలలోని గాలిని పూర్తిగా తీసివేసి, పెడలును కొంతసేపు గట్టిగా తొక్కిపట్టి, దిగజారకుండా నిలిచినదని చూచుకొన్న తరువాతనే చక్రం దొర్లించవలెను.

1962లో కాడిలాక్, రాంబ్లర్ కార్లలో రెండు గదుల మాస్టరు సిలిండరు వచ్చినది. 1968 నుండి అమెరికాలో చట్టం దానిని తప్పనిసరి చేసినది. ఒక దారి కారిపోయినా రెండవది బండిని ఆపుతుంది. ఇది గొప్ప రక్షణ. కాని ఇందులో ఒక ప్రమాదమూ దాగి ఉన్నది. సగం బ్రేకుతో బండి ఆగుతూనే ఉంటుంది కాబట్టి, వెనుక చక్రంలోని చుక్కను పట్టించుకోకుండా డబ్బా నింపుకొంటూ పోయేవారు ఉన్నారు. ద్రవం పోయడం మరమ్మతు కాదు. కారినదెక్కడో కనుగొనడమే మరమ్మతు. ముక్కోటికో, శ్రీరామనవమికో కుటుంబ సమేతంగా భద్రాద్రికి బయలుదేరేవారు ప్రయాణపు సన్నాహంలో వెనుక చక్రాల లోపలి వైపు ఒక్కసారి వంగి చూడడం కూడ చేర్చుకొందురుగాక.