చలికాలం, నాన్న సైకిలు, ఒక సరిహద్దు

స్వర్ణోత్సవ సంచికకు మన ప్రాంత చరిత్ర గురించి ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. నేను సివిల్ ఇంజనీర్‌ని. కాంక్రీటు గురించి అడిగితే చెబుతాను గానీ చరిత్ర నాకేం తెలుసు అన్నాను. అయినా ఒప్పుకున్నాను. జుక్కల్ నుంచి దెగ్లూర్ అవతల ఉన్న మా అమ్మ పుట్టింటికి, నాన్న సైకిలు మీద వెళ్ళాలని ఎన్నో ఏళ్ళుగా అనుకుంటున్నాను. వెళ్ళివచ్చి ఆ దారి గురించే రాద్దామనుకున్నాను. గత డిసెంబర్‌లో మూడు వారాలు సెలవు పెట్టి ఊరికి వచ్చాను. మర్నాడే బయలుదేరతానని అమ్మతో చెప్పాను. తీరా పంతొమ్మిది రోజులు ఇంట్లోనే కూర్చున్నాను. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ పంతొమ్మిది రోజుల్లో పుట్టిందే.

మొదటి రోజు పశువుల కొట్టంలోంచి సైకిలు బయటకు తీశాను. నాన్న పోయి పదకొండేళ్ళు. అప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టలేదు. ఫ్రేము గట్టిగానే ఉంది. రిమ్ములు తుప్పు పట్టాయి, చైను బిగుసుకుపోయింది, టైర్లు వేలితో నొక్కితే పెచ్చులుగా రాలాయి. మనం చిన్నప్పుడు కైంచీ తొక్కుతూ నేర్చుకున్న ఎత్తు సైకిలే అది. 1885లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలుకూ దీనికీ రూపంలో పెద్ద తేడా లేదు. రెండు దాదాపు సమానమైన చక్రాలు, వెనక చక్రానికి చైను. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చి దానికి కలిసింది. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా పల్లెటూరి సైకిలు పెద్దగా మారలేదు.

మెకానిక్ ఓవరాయిలింగ్ మొదలుపెట్టాడు. రెండు రోజుల్లో చైను, పెడళ్ళు, బేరింగ్ గోళీలు కొత్తవి పడ్డాయి. టైర్ల దగ్గర ఆగిపోయింది. దీనికి కావలసింది ఇరవై ఎనిమిది ఒకటిన్నర సైజు. బిచ్కుందలో అడిగాం, బాన్సువాడలో అడిగాం, నిజామాబాద్‌కు ఫోన్ చేశాం. అంతటా ఇరవై ఆరు సైజే ఉందన్నారు.

ఈలోగా చలి ముదిరింది. మన వైపు చలి సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఉత్తరం నుంచి పొడిగాలి వీస్తుంది. రాత్రి ఆకాశంలో మబ్బు ఉండదు కాబట్టి పగలు వేడెక్కిన నేల ఆ వేడినంతా పైకి వదిలేస్తుంది. తెల్లవారేసరికి పది డిగ్రీల లోపుకు దిగిపోయే రోజులుంటాయి. పొద్దున ఎనిమిది దాకా వీధి చివరి వేపచెట్టు కనబడలేదు. నాకు దగ్గు పట్టుకుంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మా అమ్మ మాత్రం చలిమంట దగ్గర కూర్చుని రోజూ ఒకే మాట: "గీ ఇగంల యాడికి పోతవ్ బిడ్డా? ఎండ పొడవనీ." మళ్ళీ సాయంత్రం తనే, "పోనే పోకపోతివి?" అనేది. ఏం జవాబు చెప్పాలో తెలిసేది కాదు. సైట్‌లో వందమంది పనివాళ్ళను నడిపించేవాణ్ణి, రెండు టైర్లు తెప్పించుకోలేక ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ విసుక్కున్నాను.

ఆ విసుగు నాకు కొత్తది కాదు. 1983 సంక్రాంతి సెలవుల్లో కూడా సరిగ్గా ఇలాగే కూర్చున్నాను. అప్పుడు ఏడో తరగతి. నాన్న ప్రతి చలికాలం, పంట ఇంటికొచ్చి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో, సైకిలు మీద దెగ్లూర్ వెళ్ళేవాడు. కాళ్ళు పెడళ్ళకు అందినప్పుడు నన్నూ తీసుకెళ్తానన్నాడు. ఆ ఏడు అందాయి. పక్కింటివాళ్ళ సైకిలు కూడా అడిగి పెట్టుకున్నాను. నాన్న మంచు చూసి "రేపు" అన్నాడు. మర్నాడూ "రేపు" అన్నాడు. నాలుగో రోజు నాకు జ్వరం వచ్చింది. నాన్న ఒక్కడే వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చాడు. నేను రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత హాస్టలు, కాలేజీ, ఉద్యోగం. ఆ ప్రయాణం అలాగే మిగిలిపోయింది.

నాన్న ప్రతి ఏడూ దెగ్లూర్ ఎందుకు వెళ్ళేవాడన్నది అప్పట్లో నేను ఆలోచించలేదు. అమ్మ పుట్టిల్లు అటే కదా, అందుకే అనుకున్నాను. ఈ డిసెంబర్‌లో ఏమీ తోచక నాన్న ఇనుప పెట్టె తెరిస్తే అసలు సంగతి తెలిసింది. అందులో ఆయన బడి సర్టిఫికెట్ ఉంది. 1955 నాటిది. ఊరు జుక్కల్, తాలూకా దెగ్లూర్, జిల్లా నాందేడ్.

మనలో చాలామందికి ఇది తెలియదు. నాకూ తెలియదు. మన జుక్కల్ 1956 దాకా నిజామాబాద్ జిల్లాలో లేదు. హైదరాబాద్ రాష్ట్రంలో తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడే జిల్లాలన్నీ ఒక్కచోట ఉండేవి. అప్పుడు మనం నాందేడ్ జిల్లా వాళ్ళం. 1953 డిసెంబర్‌లో ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం ఏర్పడింది. 1955 సెప్టెంబర్‌లో నివేదిక ఇచ్చింది. 1956లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టం మూడో సెక్షన్‌లో, హైదరాబాద్ రాష్ట్రం నుంచి ఆంధ్రకు కలిసే ప్రాంతాల జాబితా ఉంటుంది. అందులో ఒకచోట మన పేరు కనిపిస్తుంది: నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు. దాని పక్కనే ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్ళు. సర్కిల్ అంటే ఒక గిర్దావరు చూసుకునే కొన్ని గ్రామాల గుంపు. అంటే తాలూకాను నిలువునా చీల్చారు. కచేరీ ఉన్న దెగ్లూర్ అటు బొంబాయి రాష్ట్రంలోకి వెళ్ళింది. మనం ఇటు వచ్చాం. 1956 నవంబర్ 1న అమలైంది.

మా తాతకు రెండు ఎకరాలు అటువైపు ఉండేవి. ఒక్క రోజులో ఆ రెండు ఎకరాలు వేరే రాష్ట్రానికి పోయాయి. ఇటు పొలానికి పట్వారీ, అటు పొలానికి తలాఠీ. నాన్న పెట్టెలో రెండు రకాల రశీదులున్నాయి. ఇటువి కొన్నే ఉన్నాయి. అటువి మాత్రం ఏడాది తప్పకుండా, దారం కట్టి, అన్నీ చలికాలం తేదీలతోనే. 1983 జనవరి రశీదు కూడా ఉంది. నాకు జ్వరమొచ్చిన ఆ రోజుదే. నన్ను వదిలేసి వెళ్ళాడని మాట్లాడ్డం మానేసిన రోజున ఆయన తలాఠీ కచేరీలో పొలం పన్ను కట్టడానికి నిలబడి ఉన్నాడు. అది చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఇల్లు కదల్లేదు. చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. నాందేడ్ జిల్లా, హైదరాబాద్ రాష్ట్రం. నిజామాబాద్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2 నుంచి తెలంగాణ. 2016 అక్టోబర్ 11 నుంచి కామారెడ్డి జిల్లా. అమ్మ పుట్టిల్లు కూడా అంతే. ఆమె పుట్టినప్పుడు హైదరాబాద్ రాష్ట్రం, తర్వాత బొంబాయి, 1960 మే 1 నుంచి మహారాష్ట్ర. 1964లో నాన్నతో పెళ్ళయ్యేనాటికి సరిహద్దు పుట్టి ఎనిమిదేళ్ళు. "నాకు పరాయి రాష్ట్రం సంబంధం అని ఎవ్వరు అన్లే. జుక్కల్ సంబంధం అన్నరు," అంది అమ్మ.

రాత్రుళ్ళు నిద్రపట్టక దుప్పటి కప్పుకుని ఫోన్‌లో థామస్ స్టీవెన్స్ గురించి చదివాను. సైకిలు మీద ప్రపంచాన్ని మొదట చుట్టింది ఆయనే. ముందు చక్రం చాలా పెద్దదిగా ఉండే పాతకాలపు సైకిలు. 1884 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి ఆగస్టుకు బోస్టన్ చేరాడు. ఆ చలికాలమంతా న్యూయార్క్‌లో ఆగిపోయాడు. మరుసటి ఏడు యూరప్, టర్కీ దాటి పర్షియా వచ్చాడు. మళ్ళీ చలికాలం. ఈసారి టెహరాన్‌లో షా అతిథిగా ఉండిపోయాడు. తర్వాత ఆఫ్ఘనిస్తాన్‌లో అధికారులు అడ్డుకుని వెనక్కి పంపారు. చుట్టూ తిరిగి వచ్చి, మన దేశంలో లాహోర్ నుంచి కలకత్తా దాకా తొక్కాడు. 1886 డిసెంబర్‌లో జపాన్‌లోని యొకొహామా చేరాడు. అంతటివాడినే రెండు చలికాలాలు కూర్చోబెట్టాయి, ఒక సరిహద్దు వెనక్కి తిప్పింది. అది చదివాక నా విసుగు కొంచెం తగ్గింది.

పదిహేడో రోజున మెకానిక్ వచ్చి, "సారూ, గీ సైజు దెగ్లూర్‌ల దొర్కుతదంట" అన్నాడు. పొద్దున ఒక కుర్రాడు మోటారు సైకిలు మీద వెళ్ళి, మధ్యాహ్నం భోజనం వేళకు రెండు టైర్లు భుజానికి తగిలించుకుని వచ్చేశాడు. నేను ఎక్కడికి వెళ్ళడానికి రెండు వారాలకు పైగా తంటాలు పడుతున్నానో అక్కడి నుంచే టైర్లు ఒక పూటలో వచ్చాయి. అమ్మ ఆ రోజు పొట్టపట్టుకుని నవ్వింది.

ఇరవయ్యో రోజు మంచు విడిచాక బయలుదేరాను. మద్నూర్ దగ్గర పెద్ద రోడ్డెక్కాను. రోడ్డుకు ఇరువైపులా శనగ చేలు, జొన్న చేలు. సలాబత్‌పూర్ చెక్‌పోస్టు దగ్గర లారీలు ఆగి ఉన్నాయి. నా వైపు ఎవరూ చూడలేదు. సైకిలును ఎవరు ఆపుతారు? కొంచెం దూరం పోయాక దుకాణాల బోర్డులు మరాఠీలోకి మారాయి. నేల రంగు మారలేదు, పైరు మారలేదు. నీళ్ళు తాగుదామని ఆగితే హోటల్ ఆయన తెలుగులోనే పలకరించాడు.

మధ్యాహ్నానికి మామయ్య ఇంటికి చేరాను. ఆయనకు ఎనభై దాటాయి, చూపు బాగా తగ్గింది. అరుగు మీద ఎండకు కూర్చుని ఉన్నాడు. వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు. సైకిలు స్టాండు వేసి, ఊరికే అలవాటుగా బెల్లు కొట్టాను. ఆయన తల ఇటు తిప్పాడు.

"దాజీ ఆలే కా?" అన్నాడు. బావ వచ్చాడా అని.

నేను కాళ్ళకు దండం పెట్టి, బావ కాదు మామయ్యా, ఆయన కొడుకును అన్నాను. ఆయన నా చెయ్యి వదల్లేదు. ఇంకో చేత్తో సైకిలు హ్యాండిలు తడిమాడు. ఆ సాయంత్రం అక్కడి నుంచి అమ్మకు ఫోన్ కలిపి ఇచ్చాను. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. ఆయన మరాఠీలో, ఆమె సగం మరాఠీ, సగం తెలుగులో.

మిత్రులారా, నేను చరిత్ర రాయడానికి బయలుదేరాను కానీ అది మా ఇంట్లోనే, నాన్న పెట్టెలోనే ఉంది. ఇంట్లో చిక్కుకుపోకపోతే ఆ పెట్టె తెరిచేవాణ్ణే కాదు. ఇలాంటి పెట్టెలు మీ ఇళ్ళల్లోనూ ఉంటాయి. 1956కు ముందు చదివిన మీ పెద్దల సర్టిఫికెట్లు, పహాణీలు, రశీదులు, పెళ్ళిపత్రికలు ఏవున్నా స్వర్ణోత్సవానికి వచ్చేటప్పుడు వెంట తీసుకురండి. స్కాన్ చేసి మీవి మీకు తిరిగి ఇచ్చే బాధ్యత నాది. పెట్టెలు తెరిచి చూపించేవాళ్ళు, "ఇది ఫలానా" అని చెప్పగలవాళ్ళు ఇంకా కొద్దిమంది ఉన్నారు. ఈ చలికాలం వాళ్ళ పక్కన చలిమంట దగ్గర ఒక పూట కూర్చోండి.